దొరసాని నవలకు ఆఖరి పేజీలు లేవు

14 సెప్టెంబర్ 2011, బుధవారం

ఎవరు నువ్వు? ఒక ఆడమనిషి ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచుకున్న నోటుబుక్కు తీసి చదవడానికి నీకు అధికారం ఎవరిచ్చారు? దేవుడివైతే చదువు, నీకు తెలియనిది ఇందులో ఏమీ ఉండదు. మనిషివైతే మూసెయ్. ఇది నా కోసం రాసుకుంటున్నాను. ముప్పై ఏళ్ల వయసులో బైబిలు మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ అక్షరాలతో ఇంకో పుస్తకం చదవనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. ఇప్పుడు నాకు యాభై రెండు. ఒట్టు తప్పలేదు.

నిన్న ఈ గడికి, దొరల పాత బంగళాకు, వచ్చాను. రావల్కోల్ దాటాక మట్టిరోడ్డు మీద ఇంకా చాలా లోపలికి. దగ్గర్లో ఇంకో ఇల్లు లేదు. ఎండిపోయిన అంగూరు తోట, తీగలు పాకిన దాని రాతి కడీలు, వెనక పాడుబడ్డ మోట బావి. విజయమ్మ దొరసానికి డెబ్భై దాటాయి. కళ్లు షుగరు తినేసింది. కొడుకు జనార్ధన్ యాప్రాల్‌లో ఉంటాడు, భూముల బేరాలు చేస్తాడు. అమ్మను చూసుకోవడానికి మనిషిని వెతుకుతుంటే దొరసానే నా పేరు చెప్పిందట: "దూలపల్లిల వాక్యం జెప్పే సాలమ్మ గావాలె. ఇంకెవరొద్దు." అంటే నా ప్రసంగాల సంగతి ఈ గోడల లోపలికి కూడా వచ్చిందన్నమాట. దేవునికే మహిమ.

గేటు దాటేటప్పుడు తల దించుకున్నాను. మా అక్క ఈదమ్మ ఇక్కడే పాచిపని చేసేది. పదిహేడేళ్లప్పుడు ఇక్కడి నుంచే, అంగూర్ల లోడుకొచ్చిన లారీ డ్రైవరుతో లేచిపోయింది. అప్పుడు నాకు పదేళ్లు. ఆ సిగ్గుతోనే మావాళ్లు ఊరు విడిచి దూలపల్లి చేరారు. అమ్మ చచ్చేదాకా ఆ పేరు ఎత్తలేదు. ఈ గడి గురించి నాకు గుర్తున్న తీపి ఒక్కటే: ఎప్పుడో ఈ గేటు దగ్గరే ఈ దొరసాని నా చేతిలో బెల్లం గడ్డ పెట్టింది.

16 సెప్టెంబర్, శుక్రవారం

పొద్దున వాక్యం తెరవబోతే దొరసాని చెయ్యి అడ్డం పెట్టింది. దిండు కింద నుంచి అట్ట లేని పుస్తకం ఒకటి తీసింది. ఎంత నలిగిందంటే, పేజీల అంచులు గుడ్డపీలికల్లా మెత్తబడిపోయాయి.

"గిది సదువు."

"ఏంది దొరసానీ ఇది?"

"నవల. దయ్యాల నవల. సికింద్రాబాద్ స్టేషన్ల కొన్న. కండ్లున్నప్పుడు శానసార్లు సదివిన."

"నేను గిసొంటియి సదవ."

"ఎందుకే? మీ పుస్తకంల లేవా దయ్యాలు? పందులల్లకు తోలిండంట గద మీ దేవుడు."

"మా దయ్యాలు పారిపోయినయి. మీ దయ్యాలు కాపురం వెట్టినయి."

పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వింది. నవ్వి, "అయితే ఒక బేరం. నీ పుస్తకంల ఒక అధ్యాయం, నా పుస్తకంల ఒక అధ్యాయం. నీదే ముందు. ఒప్పుకుంటవా, లేకుంటే జనార్ధన్‌కు ఫోన్ జేసి ఇంకొకరిని దెమ్మంటనా?" అంది.

ఒక ఆత్మ కోసం ఒప్పుకున్నాను. ఆత్మ కోసమే.

17 సెప్టెంబర్, శనివారం

నవలలో కొండ మీద బంగళా. ఎప్పుడూ వాన. జమీందారు రెండో పెళ్లి చేసుకొని తెచ్చిన పిల్ల రాత్రిళ్లు పడమటి గది గోడలోంచి ఏడుపు వింటుంది. జమీందారు తల్లి తాళాలగుత్తి బొడ్లో దోపుకొని ఇల్లంతా తిరుగుతుంది. చెత్త. సాతాను తీరిక వేళల్లో రాసినట్టుంది. ఒక అధ్యాయం అన్నది, రెండు చదివాను. దొరసాని అడగలేదు. నేనే పేజీ తిప్పేశాను. కాదు, గాలికి తిరిగింది.

19 సెప్టెంబర్, సోమవారం

తెలంగాణ కోసం జరిగే సమ్మెలో ఆర్టీసీ వాళ్లు కూడా దిగారు. బస్సులు బంద్. ఇంటికి పోయే దారి లేదు. కరెంటు కూడా ఉంటే ఉంది, లేకపోతే లేదు.

22 సెప్టెంబర్, గురువారం

తొమ్మిదో అధ్యాయం. బంగళాలో పనిచేసే పిల్ల కనిపించకుండా పోతుంది. తండ్రి వెతుక్కుంటూ గేటు దగ్గరికి వస్తాడు. జమీందారు తల్లి బయటికొచ్చి, "నీ కూతురు నాటకాలవాడితో పోయింది, ఇంక వెతక్కు" అని చెప్తుంది. ముసలాడు తలపాగా విప్పి మొహం కప్పుకొని వెళ్లిపోతాడు.

నాకు ఆ తండ్రి మీద జాలి కలగలేదు. పిల్లను అదుపులో పెట్టుకోని వాళ్లకు తలపాగా ఎందుకు?

దొరసాని అడిగింది: "గా గేటు కాడి ముచ్చట ఇంకోసారి సదువు."

చదివాను.

"ఆమె గొంతు ఎట్లున్నదని రాసిండు?"

"మామూలుగానే ఉంది అని రాసిండు."

"గంతే," అంది దొరసాని. "మామూలుగనే ఉంటది."

23 సెప్టెంబర్

మళ్లీ తొమ్మిదో అధ్యాయమే.

24 సెప్టెంబర్

తొమ్మిదో అధ్యాయం. ముసలామెకు అబద్ధాలంటే ఎంత రుచో.

25 సెప్టెంబర్, ఆదివారం

లింగస్వామి టీవీఎస్ మీద వచ్చి నన్ను ప్రార్థన కూటానికి తీసుకెళ్లాడు. మా కూటం పెద్ద, మంచివాడు, నోరు ఊరుకోదు. "అక్కా, గట్టిగ వట్టుకో. బ్రేకులు కొంచెం విశ్వాసం మీద నడుస్తున్నయి" అన్నాడు.

ఈ రోజు నా ప్రసంగం మీద అగ్ని దిగింది. ఈదమ్మ సాక్ష్యం చెప్పాను. ఇరవై రెండేళ్లుగా చెప్తున్నాను, ఒక్కసారీ వట్టిపోలేదు. ముందు పేరు చెప్పను. ఒక పిల్ల ఉండేది అంటాను. గడిలో పని, గాజుల మీద మోజు, లారీ హారన్ వినబడగానే గుండె ఝల్లుమనడం, పొద్దున్నే ముసలితల్లి గేటు దగ్గర పరువు పోగొట్టుకొని నిలబడడం. అందరూ ఛీ అనే దాకా ఆగి అప్పుడు చెప్తాను: "ఆ పిల్ల నా తోడబుట్టింది. పేరు ఈదమ్మ. నరకం దారి మా ఇంటి గడప నుంచే మొదలైంది." మా కూటం షెడ్డు కింద ఒక్కరి కళ్లూ పొడిగా ఉండవు. ఈ రోజు ఆరుగురు లేచి నిలబడ్డారు. ఒక తల్లి తన కూతురి చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. నన్నే చూసింది. మొండిది.

గాజుల మోజు సంగతి నేను కల్పించిందే. ఈదమ్మ చేతులకు గాజులు లేవు. కానీ ప్రసంగానికి అవసరం.

27 సెప్టెంబర్, మంగళవారం, పెత్రమాస

పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి వాళ్ల వాటా అన్నం పెట్టే అమావాస్య. నేను దేవుణ్ణి నమ్ముకున్న రోజే ఇవన్నీ వదిలేశాను. మా అమ్మ వదల్లేదు. ఈ రోజున తాత పేరు, బాపు పేరు, పురిట్లో పోయిన తమ్ముడి పేరు కూడా పిలిచేది. ఈదమ్మను మాత్రం పిలవలేదు. బతికుందో చచ్చిందో తెలియనిదాన్ని ఏమని పిలుస్తుంది?

వంటమనిషి దుర్గాబాయి వరండాలో మోదుగాకు విస్తర్లు పరిచింది. దొరసానిని పట్టుకొని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మామ, అత్త, మొగుడు గోపాలరావు దొర, ఒక్కొక్క పేరూ పిలిచి ఒక్కో విస్తట్లో పెట్టించింది. అయిపోయిందనుకున్నాను.

"వెనక దర్వాజ కాడ ఇంకోటి వెయ్యి," అంది దుర్గాబాయితో.

వెనక గుమ్మం, మోట బావి వైపు. దుర్గాబాయి ఏమీ అడక్కుండా వేసింది. ఏటా వేసే చెయ్యిలా ఉంది. అన్నం, గుమ్మడికాయ కూర, పప్పు. పక్కన ఒక బెల్లం గడ్డ. దొరసాని చేతులు జోడించింది, పేరు పిలవలేదు.

"ఇదెవరికి దొరసానీ?"

"ఉన్నది ఒకరు."

"పేరు లేదా?"

"ఉన్నది. పిలిచే మొకం నాకు లేదు."

నాకు ఒళ్లు మండింది. మూడు విస్తర్లు చాలవా, పేరు లేని దయ్యానికి కూడా మేపాలా? రెండు వారాలుగా నేను చదివిన వాక్యం ఎక్కడికి పోయింది? లేచి ఆ విస్తరి ఎత్తుకెళ్లి బర్రెల కుడితి గోలెంలో కుమ్మరించాను. ఆకు కూడా వదల్లేదు.

దుర్గాబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దొరసాని చప్పుడు విని తల తిప్పి, "ఏం జేసినవే?" అంది.

"విగ్రహాన్ని పడగొట్టిన."

ఆమె కోప్పడలేదు. "నువ్వే పడేస్తివా," అంది. "నువ్వే పడేస్తివి."

దేవుడి పని చేశాను. రాత్రి హాయిగా నిద్రపోయాను.

28 సెప్టెంబర్

నిద్రపోలేదు. నిన్న అబద్ధం రాశాను.

30 సెప్టెంబర్, శుక్రవారం

దొరసాని మధ్యాహ్నం పడుకున్నాక నేను ఒక్కదాన్నే నవల ముందుకు చదువుతున్నాను. తప్పులు పట్టుకోవడానికి. కొత్త కోడలు గోడ మీద చెవి పెట్టి, "నీ పేరేంటి?" అని అడుగుతుంది. లోపలి నుంచి జవాబు రాదు. పేరు అడిగినవాళ్లు ఇంతవరకూ లేరని, అందుకే జవాబు చెప్పడం మరిచిపోయిందని రాశాడు. వాడెవడో, చేతిలో కొంచెం పనితనం ఉంది. సాతానుకు కూడా ఉంటుంది.

2 అక్టోబర్, ఆదివారం

జనార్ధన్ కారులో వచ్చాడు. లింగస్వామి రాలేకపోయాడు, పెట్రోలు దొరకలేదట.

"సాలమ్మా, దసరా అయినంక పదో తారీకు సోమవారం జేసీబీ వస్తది. అమ్మను వారం దినాలు యాప్రాల్ తీస్కపోత. ఈ జాగ అంత ప్లాట్లు జేస్తున్నం."

"గడి పడగొడ్తరా సారూ?"

"గడి తర్వాత. ముందుగాల గా మోట బావి పూడుస్తరు. పిల్లగాండ్లు వడ్తే లేనిపోని పరేషాన్."

మంచం మీద దొరసాని లేచి కూర్చుంది. "బావి జోలికి పోకు," అంది.

"అమ్మా, నీళ్లు లేని బావి ఏం జేస్కుంటవే?" అని నవ్వి, నవల చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. "గిసొంటియి సదివితే నిద్ర వడ్తదా? భగవద్గీత సదివియ్యరాదు సాలమ్మా. మీదైన సరే, బైబిలైన సరే."

వాడు వెళ్లాక దొరసాని ఏమీ తినలేదు. "జల్దీ సదువు," అంది. "ఎన్ని పేజీలున్నయో అన్ని సదువు."

5 అక్టోబర్, బుధవారం

రాయాలి.

మధ్యాహ్నం కరెంటు లేదు. వెనక వరండాలో కూర్చొని చదివాను. కొత్త కోడలు గునపం తెచ్చి పడమటి గది గోడ మీద మొదటి దెబ్బ వేసింది. సున్నం రాలింది. అక్కడితో పేజీలు అయిపోయాయి. తర్వాత కుట్టిన దారం మాత్రమే ఉంది.

"ఆఖరి పేజీలు లేవు దొరసానీ."

"నాకు దెల్సు. నేనే చింపి పొయ్యిల వెట్టిన."

"ఏముండె అండ్ల?"

"గోడ పడగొడ్తరు. పనిపిల్ల బొక్కలు బయటవడ్తయి. జమీందారు తల్లి వోయి పిల్ల తండ్రి కాళ్ల మీద వడ్తది."

"మంచిగనే అయింది గద. ఎందుకు చింపుడు?"

"నేను వడలే గదనే, ఎవరి కాళ్ల మీద."

చూపు లేని కళ్లతో బావి వైపు తిరిగింది.

"మీ ఈదమ్మ లారీ ఎక్కలే సాలమ్మా."

ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"కడుపయింది. ఎవరిదని అడగకు, పెత్రమాస నాడు నేను పిలిచిన పేర్లల్ల ఉన్నది గా పేరు. మా అత్త నాటుమందు తెప్పిచ్చింది. గ్లాసు వట్టుకున్నది నేను. తాగు బిడ్డా, కడుపునొప్పి తగ్గుతది అన్న. తాగింది. నెత్తురు ఆగలే. వడ్లు వోసే అర్రల పానం పోయింది. మోట బావి అప్పటికే ఎండింది. పాలేర్లతోని అండ్ల ఏయించి మీద రాళ్లు వోయించిండ్రు. రెండోనాడు మీ అమ్మ గేటు కాడికొచ్చింది. నువ్వు కొంగు వట్టుకొని ఉన్నవ్. చెప్పిరా పో అని అత్త నన్ను తోలింది. నేనే చెప్పిన. లారీ ఆయనతోని పోయింది, ఇగ దేవులాడకు అని. నువ్వు ఏడుస్తున్నవ్. నీకు బెల్లం గడ్డ వెట్టిన."

నేనేమన్నానో గుర్తు లేదు. పెరట్లోకి పోయి ఉమ్మేశాను. మళ్లీ మళ్లీ ఉమ్మేశాను. నలభై రెండేళ్ల బెల్లం. పోవడం లేదు.

6 అక్టోబర్, దసరా

ఏమీ రాయను.

7 అక్టోబర్

ఈదమ్మ. ఈదమ్మ. ఈదమ్మ.

నా చేత్తో ఈ పేరు రాయడం ఈ నోటుబుక్కులోనే మొదలు. నోటితో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

8 అక్టోబర్, శనివారం

దొరసాని అడిగింది: "మాఫ్ జెయ్యరాదె సాలమ్మా. మీ దేవుడు జేస్తడంట గద."

"ఆయన జేస్తడేమో. నేను ఈదమ్మను అడిగి చెప్త."

"అందుకే గద నిన్ను పిలిపిచ్చుకున్న. చెప్పి పోదామని."

"నాకొక్కదానికి చెప్తె సరిపోదు. ఠాణాల చెప్పు. ఊరి ముంగట చెప్పు. మా అమ్మకు గేటు కాడ చెప్పినవ్ గద, గట్లనే గొంతు మామూలుగ వెట్టి చెప్పు."

"జనార్ధన్ తలెత్తుకోలేడే. మనుమరాలు తృప్తికి సంబంధం చూస్తుండ్రు. నేను సచ్చినంక నీ ఇష్టం."

"నువ్వు సచ్చినంకనా? సోమవారమే బావి సస్తది!"

గోడ వైపు తిరిగి పడుకుంది. రేపు సాయంత్రం కొడుకు వచ్చి తీసుకుపోతాడని ఆమెకు తెలుసు. బట్టలు సర్దించుకుంది.

అప్పుడు బైబిల్లో రాజు దగ్గరికి ప్రవక్త వచ్చిన కథ తెరిచాను. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కొని కోసిన కథ చెప్పి, రాజుకు కోపం వచ్చేదాకా ఆగి, ఆ మనిషివి నువ్వేనని వేలు చూపిస్తాడు. దొరసానికి చూపిద్దామనే తెరిచాను. చదువుతుంటే వేలు నా వైపు తిరిగింది.

ఆమె ఒక్కసారి అబద్ధం చెప్పింది, అత్తకు భయపడి. నేను ఇరవై రెండేళ్లు చెప్పాను, ఎవరికీ భయపడకుండా. లేని గాజులు తొడిగాను. వినని హారన్ వినిపించాను. కడుపునొప్పి తగ్గుతుందని నమ్మి గ్లాసు తాగిన పిల్లను ఆదివారం ఆదివారం షెడ్డు కింద నిలబెట్టి ఛీ అనిపించాను. నా మాట విని ఎంతమంది తల్లులు ఎంతమంది కూతుళ్ల మీద తలుపులు వేశారు? నన్నే చూసిన ఆ పిల్ల, ఏడవని పిల్ల, ఇప్పుడు ఏ గదిలో ఉంది?

నలభై రెండేళ్లలో మా అక్కకు అన్నం పెట్టింది ఆమెను చంపిన చెయ్యి ఒక్కటే. ఆ అన్నాన్ని కుడితిలో పోసింది నేను.

9 అక్టోబర్, ఆదివారం, ఉదయం ఆరున్నర

లింగస్వామికి ఫోన్ చేశాను.

"లేస్తున్ననక్కా. ఎనిమిదింటికల్ల వస్త. పెట్రోల్ దొరికింది."

"ఒక్కనివి రాకు. ఇయ్యాల కూటం దూలపల్లిల గాదు. ఈడ, గడి వెనక, మోట బావి కాడ. అందర్ని తోల్కరా. ఆటోలల్ల, ట్రాక్టర్ల, ఏది దొరికితె అండ్ల."

"ఏం ప్రసంగమక్కా?"

"ఈదమ్మ సాక్ష్యం."

"మొన్ననే జెప్పినవ్ గద!"

"మొన్న జెప్పింది అబద్ధం. మా అక్క గా బావిల ఉన్నది. వచ్చేటప్పుడు ఠాణాకు చెప్పిరా. పోయినసారి తన బిడ్డను లాక్కొచ్చింది చూడు ఒక తల్లి, ఆమెను మర్వకు. బిడ్డను గూడ తెమ్మను. నేను ఆ పిల్ల ముంగట మోకాళ్ల మీద కూసోవాలె."

అవతల మంచం కిర్రుమని లేచిన చప్పుడైంది. తర్వాత, "బయల్దేరుతున్న," అన్నాడు. మొదటిసారి జోకు వెయ్యలేదు.

దుర్గాబాయి పొయ్యి వెలిగించింది. అన్నం నేనే వండుతాను. మోదుగాకు విస్తరి నేనే వేస్తాను, బావి గట్టు మీద, అందరి ముందు, పేరు పిలిచి. బెల్లం పెట్టను. నా మతం ఒప్పుకుంటుందా అని ఎవరైనా అడిగితే అడగనీ. పొలంలో చంపి దాచిన తమ్ముడి నెత్తురు మట్టిలోంచి అరిచిందని నా పుస్తకంలోనే ఉంది. మట్టి అరుస్తుంటే చెవులు మూసుకొని పాటలు పాడేదాన్ని దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు?

దొరసాని మేలుకుంది. వింటోంది. జనం వచ్చాక ఆమె మంచాన్ని కూడా బయటికి మోయిస్తాను. చెప్తుందో లేదో ఆమె ఇష్టం. గోడ మీద దెబ్బ పడేటప్పుడు ఆమె అక్కడ ఉండాలి. చింపిన పేజీలు ఎలాగూ కంఠస్థమే కదా.

ఈ నోటుబుక్కు ట్రంకులో పెట్టను. గేటు పక్క అరుగు మీద, అమ్మ నిలబడిన చోట, తెరిచి పెట్టి పోతాను.

మూసెయ్ అన్నాను నిన్ను. మూయలేదు, ఇంత దూరం వచ్చావు. ఇప్పుడు చెప్తున్నాను విను. నువ్వు జనార్ధన్‌వే కానీ, తృప్తివే కానీ, జేసీబీ నడిపే మనిషివే కానీ, కూటానికి ఆలస్యంగా వచ్చినవాడివే కానీ, ఈ పుస్తకం ఇక్కడే పడెయ్. గడి పక్కనుంచి తిరిగి వెనక్కి నడువు. గునపం ఉంటే తీసుకో, లేకపోతే చేతులున్నాయి. పైనున్న రాయి తీసి పక్కన పెట్టు. తీసేటప్పుడు పేరు పెట్టి పిలువు. రేపు మట్టి పడుతుంది. లే. ఇవాళే, ఇప్పుడే.